‘అమ్మ పంచన చేరాడు’ అనవచ్చా?

మద్దిలపాలెం నుంచి:
నలభై ఏళ్లవాడు ఉద్యోగం పోయి, కాపురం చెడి, చిన్నప్పటి ఇంటికొచ్చి పాత గదిలో తలుపేసుకుంటాడు. సినిమాలో ఇలాంటి పాత్ర కనిపిస్తే చాలు, సమీక్షల్లో ‘అమ్మ పంచన చేరాడు’ అని రాస్తున్నారు. ‘పుట్టిల్లు’ అందామంటే మగవాడికి ఆ మాట అతకదు. మరేం రాయాలి?

భీమిలి నుంచి:
పంచ అంటే ఇంటి ముందు చూరు కింది వసారా. నడింట్లో చోటు లేనివాడు ఉండేది అక్కడ. అందుకే ‘అల్లుడి పంచన’, ‘తమ్ముడి పంచన’ అంటాం. ‘అమ్మ పంచన’ అన్నామా, అమ్మ పరాయిదైపోయింది, కొడుకు దిక్కులేనివాడైపోయాడు. కథ ఇంకా నడుస్తుండగానే క్రియ తీర్పు చెప్పేసింది. ఇది ఆ పాత్రకు అన్యాయం.

‘తలదాచుకున్నాడు’ మంచి మాటే, కాకపోతే దానికి బయట గాలివాన ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను ఊపేసినప్పుడు పక్కా ఇళ్లలో తలదాచుకున్నవాళ్లను పిరికివాళ్లని ఎవరంటారు? పాత్రకు తగిలిన దెబ్బ తెర మీద చూపించి ఉంటే ఈ మాట వాడండి. చూపించకపోతే సాకులా వినిపిస్తుంది.

నా ఓటు ‘ముడుచుకున్నాడు’కి. బడి రోజుల మంచం మీద ఎదిగిన మనిషి పడుకోవాలంటే మోకాళ్లు కడుపులోకి తెచ్చుకోవాలి. లేకపోతే పాదాలు గాల్లో ఉంటాయి. తెర మీద కనబడేదీ అదే, మాట చెప్పేదీ అదే. పైగా అత్తిపత్తి ఆకులా, ముడుచుకున్నది విచ్చుకోవచ్చు కూడా. ఇక ‘ముడుచుకున్నాడు’లోని ‘కొను’ సంగతి: వండాడు వేరు, వండుకున్నాడు వేరు. ‘కొను’ చేరితే ఆ పని తన కోసం చేసుకున్నదని.

గాజువాక నుంచి:
తన కోసమే సరే, ఆ ఇంట్లో వండిపెట్టేదెవరండీ? అమ్మ పింఛనుతో గడుస్తుంటే ‘ముడుచుకున్నాడు’ అనడం తప్పును కప్పిపుచ్చడమే.

భీమిలి నుంచి:
కప్పొద్దు. దానికి వేరే వాక్యం పెట్టండి. తప్పు పింఛను తినడంలో ఉంది, ఇంటికి రావడంలో లేదు. రెంటినీ ‘పంచన చేరాడు’లో కుక్కితే ఏది దేనికో తేలదు.

పెదవాల్తేరు నుంచి:
ఆడపాత్రల దగ్గరా ఇదే చిక్కు. మనవైపు ‘కన్నోరింటికి వచ్చింది’ అంటే పండక్కి. ‘వచ్చేసింది’ అంటే వీధంతా ఆరా తీస్తుంది. వచ్చి వేసింది, వచ్చేసింది: ‘వేయు’ చేరితే పని తేలిపోయినట్టు. ఆమె ఇంకా తేల్చుకోలేదని కథ చెబుతుంటే ‘వచ్చింది’ దగ్గరే ఆగాలి.

మద్దిలపాలెం నుంచి:
ఇలా మార్చాను: ‘ఉద్యోగం పోయాక ఇంటికొచ్చేశాడు. పాత గదిలో ముడుచుకున్నాడు. సరుకుల డబ్బు అమ్మ పింఛనులోంచే.’

పెదవాల్తేరు నుంచి:
‘ఇంటికొచ్చాడు’ చేయండి. మిగతావి ఉంచండి.