18 నిండినా బ్యాంకు ఓటీపీ నాన్న ఫోన్‌కేనా?

ప్రశ్న: చిత్తూరు నుంచి తిరుపతి హాస్టల్‌కు పోయే బిడ్డకు ఏ పెత్తనం ముందు అప్పజెప్పాలి?

జవాబు: ఖాతా. మైనరుగా తెరిచినదైతే 18 నిండాక కేవైసీ, సంతకం నమూనా కొత్తగా ఇవ్వాలి. లేదంటే డబ్బు తీయడం ఆగిపోతుంది, అదీ ఫీజు కట్టే రోజే తెలుస్తుంది. ఆధార్‌లో బిడ్డ నంబరు ఎక్కించాలంటే బిడ్డే స్వయంగా చేయించుకోవాల. బ్యాంకులోనూ అదే నంబరుంటే డెబిట్ కార్డు లేకున్నా ఆధార్‌తో యూపీఐ పెట్టుకోవచ్చు.

జవాబు: మెస్ ఫీజు విడిగా కట్టి, చేతిఖర్చు నెలకోసారి వేయండి. అడిగినప్పుడల్లా 200 వేస్తే లెక్క అలవాటు కాదు. 20వ తేదీకే అయిపోతే, మళ్లీ ఇచ్చింది వచ్చే నెల డబ్బులో పట్టుకోండి.

జవాబు: అన్నా, 70 కిలోమీటర్లే కదా అని ప్రతి శనివారం క్యారియర్‌తో దిగొద్దు. జ్వరమొస్తే తిరుపతి రుయా ప్రభుత్వాసుపత్రిలో ఓపీ చీటీ తీసుకోవడం ముందే నేర్పండి.