ఇంటివారే కాదన్నప్పుడు దేవుణ్ణి ఎలా నమ్మాలి?

ప్రశ్న: బాప్తిస్మం తీసుకున్నాక ఇంటివారు నాతో మాటలు మానేశారు. చెన్నైలో ఉన్న ఉద్యోగం కూడా పోయింది. ప్రార్థనలో మనసు నిలవడం లేదు, ఇది అవిశ్వాసమా?

జవాబు 1: కాదు సహోదరీ. బైబిల్లో 17 ఏళ్ల యోసేపును అన్నలే 20 తులముల వెండికి అమ్మారు. ఐగుప్తు రాజైన ఫరో ఎదుట నిలిచేనాటికి అతనికి 30 ఏళ్లు. ఆ మధ్యలో, అతనివల్ల మేలు పొందిన పానదాయకుడు (రాజుకు పానపాత్ర అందించేవాడు) సైతం మరచిపోగా, చెరసాలలో మరో రెండేళ్లు గడిచాయి. ఆ రెండేళ్ల గురించి గ్రంథం ఏమీ చెప్పదు, ఆ మౌనమే నన్ను కదిలిస్తుంది.

జవాబు 2: తలిదండ్రులు విడిచినా యెహోవా చేరదీస్తాడని 27వ కీర్తన చెబుతుంది. అయితే 13వ కీర్తనలో ఎన్నాళ్లని నాలుగుసార్లు అడిగినదీ దావీదే. మీరూ అలాగే అడగండి.

ప్రశ్న అడిగినవారు: వందనాలు అన్నా. ఈ రాత్రి 13వ కీర్తనతోనే ప్రార్థిస్తాను, రేపు అమ్మకు మళ్లీ ఫోన్ చేస్తాను.