అప్‌డేట్: తమ్ముడి గార్డియన్‌షిప్ పని అయ్యింది

తమ్ముడికి సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు పట్టుతప్పే వైకల్యం), 18 నిండాక పెన్షన్ ఖాతాలో అమ్మ సంతకం చెల్లదని, అమ్మే గార్డియన్ (చట్టప్రకారం సంరక్షకురాలు) అని కోర్టు ఆర్డర్ తెమ్మని బ్యాంకులో అంటున్నారని ఆ మధ్య ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్ అండి.

కోర్టు అక్కర్లేదు, 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ ఉండే లోకల్ లెవెల్ కమిటీకి పెట్టుకోండని ఒకరు చెప్పారు చూడండి, అదే పనిచేసింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, ఒకటికి మించిన వైకల్యాలు, ఈ నాలుగింటికే ఈ దారి. చూపు లేదా వినికిడి సమస్య ఒక్కటే ఉన్నవాళ్లకి ఇది వర్తించదు.

అమ్మ పేరుతో అమలాపురం కలెక్టరేట్‌లో దరఖాస్తు ఇచ్చాం. సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం), ఇద్దరి ఆధార్ జతచేశాం. మా లంక నుంచి వాణ్ణి పడవ దాటించి తీసుకెళ్లడమే అసలు కష్టం. వర్షాల్లో రెండుసార్లు వెనక్కొచ్చాం. వాడికి మాత్రం పడవంటే సరదా!

కమిటీ ఇచ్చిన గార్డియన్‌షిప్ సర్టిఫికెట్ చూపించాక బ్యాంకువాళ్లు మారుమాట్లాడలేదు. నోటరీ అఫిడవిట్‌కి పెట్టిన డబ్బు దండగ. ఆదాయ ధ్రువపత్రం గురించి పడ్డ టెన్షనూ అంతే, మమ్మల్ని ఎవరూ అడగలేదు.

ఒకటి మర్చిపోకండి: గార్డియన్ అయిన 6 నెలల్లోగా, వైకల్యం ఉన్నవాళ్ల పేరిట ఉన్న ఆస్తుల వివరాలు రాసివ్వాలి, తర్వాత ఏటా లెక్కలు చూపాలి. వాడి పేరున తాత రాసిన పదిహేను కొబ్బరిచెట్ల దొడ్డి కూడా రాశాం. లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చులిచ్చే నిరామయ బీమాకి ఇప్పుడు కాగితాలు సర్దుతున్నాం.