గామా నైఫ్ (గడ్డకే గురిపెట్టి ఇచ్చే రేడియేషన్) తర్వాత 6 నెలల ఎంఆర్ఐలో పిట్యూటరీ గడ్డ పెరిగిందా, కొలతలో తేడానా?

హార్మోన్లు స్రవించని పిట్యూటరీ మాక్రోఅడినోమా (ఆ గ్రంథిలో 1 సెం.మీ. లేదా అంతకు మించిన, సాధారణంగా క్యాన్సర్ కాని గడ్డ). ముక్కు ద్వారా సర్జరీ అయ్యాక కుడి కావెర్నస్ సైనస్‌లో (పిట్యూటరీ పక్కన, కెరోటిడ్ ధమని సాగే సిరల గూడు) మిగిలిన భాగానికి గామా నైఫ్ ఇచ్చారు, 50 శాతం ఐసోడోస్ అంచున (గరిష్ఠ మోతాదులో సగం అందే గీత) 14 గ్రే రేడియేషన్. చికిత్స రోజు ఘనపరిమాణం 1.9 మి.లీ., 6 నెలలకి 2.3.

చిక్కేమిటంటే మొదటిది 1.5 టెస్లా (అయస్కాంత బలం) యంత్రంలో 1 మి.మీ. త్రీడీ స్కాన్, రెండోది 3 టెస్లాలో 3 మి.మీ. కరోనల్ (ముఖానికి సమాంతరమైన) స్లైసులు. ఇంత చిన్న గడ్డకి స్లైసు మందమే ఈ తేడా తేగలదు. రెండు స్కాన్లనీ ఒకదానిపై ఒకటి సరిపెట్టి, కాంట్రాస్ట్ మందు ఇచ్చి తీసిన టీ1 రకం చిత్రాల మీద ఒకే వ్యక్తి గడ్డ అంచుల్ని మళ్లీ గీస్తే 1.9, 2.2 వచ్చాయి. సర్జరీలో పెట్టిన కొవ్వు కూడా తెల్లగానే కనిపిస్తుంది కదా, అది కలిసిందేమోనని ఫ్యాట్ సప్రెషన్‌తో (కొవ్వు వెలుగును అణిచే పద్ధతి) చూశాం, కలవలేదు. కెరోటిడ్ పక్కన సిరల్లోని కాంట్రాస్ట్‌ని మాత్రం గడ్డ నుంచి విడదీయలేకపోయాం.

గడ్డకీ ఆప్టిక్ కయాజమ్‌కీ (కంటి నరాలు కలిసే చోటు) మధ్య 4 మి.మీ. ఎడం ఉంది. విజువల్ ఫీల్డ్స్, పిట్యూటరీ పనితీరు తెలిపే ఉదయం 8 గంటల కార్టిసాల్, ఫ్రీ టీ4 (థైరాయిడ్ హార్మోన్) మారలేదు. వెస్టిబ్యులర్ ష్వానోమా (చెవి నుంచి వచ్చే నరం మీది గడ్డ) అయితే రేడియేషన్ వల్ల వచ్చిన తాత్కాలిక వాపు అనుకుని ఆగేవాళ్లం. అడినోమాలో అంత ధైర్యం చాలడం లేదు.

ఇలాంటి కేసులు చూసినవారు చెప్పండి: పాత ప్రోటోకాల్‌తో ఎంఆర్ఐ ఇప్పుడే మళ్లీ తీయించాలా, 12 నెలల స్కాన్ దాకా ఆగవచ్చా?