గర్భంలో మార్ఫిన్, పిల్ల ఎలుకల డోపమిన్: బ్యాచ్ మారితే ఫలితం ఎందుకు మారుతోంది?

ప్రశ్న (అనంతపురం, ఎం.ఫార్మ్):
విస్టార్ ఎలుకలకు గర్భం 11 నుంచి 18వ రోజు దాకా మార్ఫిన్ 10 మి.గ్రా./కిలో, రోజుకు రెండుసార్లు చర్మం కింద ఇస్తున్నాం. గ్రూపుకు 6 తల్లులు, ఒక్కో ఈత నుంచి 8 పిల్లలు. పుట్టాక 21వ రోజున మెదడులోని స్ట్రయేటమ్ అనే భాగం తీసి, హెచ్‌పీఎల్‌సీ (ద్రావణంలోని రసాయనాలను వేరుచేసి కొలిచే యంత్రం)లో డోపమిన్ (మెదడు కణాల మధ్య సందేశాలు మోసే రసాయనం) చూస్తున్నాం. ఎన్ (గ్రూపులోని నమూనాల సంఖ్య) 48తో టీ-టెస్ట్ (రెండు గ్రూపుల సగటులను పోల్చే పరీక్ష) వేస్తే మొదటి బ్యాచ్‌లో తేడా దండిగా వచ్చింది, రెండో బ్యాచ్‌లో మాయం. కారణమేంటి సార్?

జవాబు (కర్నూలు, ఫార్మకాలజీ):
తమ్ముడూ, నీ ఎన్ 48 కాదు, 6. మందు పడింది తల్లికి. ఒకే ఈత పిల్లల విలువలు దగ్గరదగ్గరగా ఉంటాయి, విడివిడిగా లెక్కిస్తే లేని తేడా కూడా కనబడుతుంది. ఈతకో మగ, ఓ ఆడ తీసుకుని, ఈతను ర్యాండమ్ ఎఫెక్ట్‌గా పెట్టి, అంటే ఈతకూ ఈతకూ ఉండే తేడాను విడిగా లెక్కలోకి తీసుకుని, మిక్స్‌డ్ మోడల్ వేయి.

ఇక ఇంజెక్షన్. ఎలుక ఒంట్లో మార్ఫిన్ కొన్ని గంటల్లోనే దిగిపోతుంది. పన్నెండు గంటల ఎడం ఉంటే, మందుకు అలవాటుపడిన తల్లీ కడుపులోని పిల్లలూ మధ్యలో విత్‌డ్రాయల్‌కు (మందు అందక ఒంట్లో వచ్చే బాధలకు) లోనవుతారు. అప్పుడు నువ్వు కొలిచేది మందు ప్రభావమో, ఆ ఒత్తిడో తేల్చలేవు. చర్మం కింద అమర్చితే మందును నిలకడగా వదిలే చిన్న ఆస్మోటిక్ పంపు మేలు. గంటకు 5 మైక్రోలీటర్లంటే రోజుకు 120. ఉదాహరణకు, 250 గ్రాముల తల్లికి రోజుకు 10 మి.గ్రా./కిలో కావాలంటే ద్రావణం మిల్లీలీటరుకు 20.8 మి.గ్రా. ఉండాలి. తల్లి 350 గ్రాములకు పెరిగితే అదే పంపు ఇచ్చేది కిలోకు 7.1 మి.గ్రా. మాత్రమే, థీసిస్‌లో ఇది రాయి.

జవాబు (కడప, న్యూరోకెమిస్ట్రీ):
మార్ఫిన్ పడిన తల్లి తిండి తగ్గిస్తుంది, పిల్లలు తక్కువ బరువుతో పుడతాయి. అందుకే కంట్రోల్ తల్లుల్లో ఒక గ్రూపుకు అంతే మేత తూచి పెట్టాలి. పుట్టిన రోజే రెండు గ్రూపుల పిల్లలనూ మందు తాకని తల్లులకు మార్చండి. విత్‌డ్రాయల్‌లో ఉన్న తల్లి పిల్లలను సరిగా నాకదు, ఆ ఒక్కటి చాలు వాటి ఒత్తిడి హార్మోన్ల తీరు మారడానికి.

స్ట్రయేటమ్‌ను మంచు మీదే కోసి, వెంటనే డ్రై ఐస్‌లో వేయండి. ఆలస్యమైతే డోపమిన్ పడిపోయి, దాని నుంచే తయారయ్యే 3-మిథాక్సీటైరమిన్ పెరుగుతుంది. తర్వాత చల్లని 0.1 మోలార్ పర్‌క్లోరిక్ యాసిడ్‌లో నూరండి. మే నెలలో కరెంటు పోతే నమూనాలున్న మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ తలుపు తీయొద్దు.

ప్రశ్న అడిగినవారు:
18వ రోజుకే ఆపితే మనుషుల చివరి మూడు నెలలకు సరిపోతుందా మేడమ్?

జవాబు (కడప):
సరిపోదు. మెదడు ఎదుగుదలలో ఆ దశ ఎలుకకు పుట్టాక సుమారు మొదటి పది రోజుల్లో వస్తుంది. ఈ ఫలితం చూపి గర్భిణులు మెథడోన్ (మార్ఫిన్ లాంటి మందుల వ్యసనానికి చికిత్సగా ఇచ్చే మందు) మానేయాలని మాత్రం రాయొద్దు. హఠాత్తుగా ఆపితే గర్భస్రావం, నెలలు నిండని కాన్పు ముప్పుంది.