రెండు సమాంతర వారసత్వ శ్రేణుల మధ్య టైప్ క్యాస్ట్‌ను తప్పించడం ఎలా?

నమస్కారం. జావా 11లో రాస్తున్న మా ప్రోగ్రామ్‌లో ‘చెల్లింపు’ అనే అబ్‌స్ట్రాక్ట్ క్లాసుకు కార్డు, యూపీఐ అనే రెండు ఉపక్లాసులూ, ‘ప్రాసెసర్’ అనే మరో క్లాసుకు వాటికి సరిపడే రెండు ఉపక్లాసులూ ఉన్నాయి. మాతృ ప్రాసెసర్‌లోని మెథడ్ ‘చెల్లింపు’నే పారామీటరుగా తీసుకుంటుంది కాబట్టి, యూపీఐ ఐడీ కావాలంటే ఉపక్లాసులో క్యాస్ట్ చేయక (అంటే, ఆ చెల్లింపును యూపీఐ రకంగానే చూడమని కోడ్‌లో చెప్పక) తప్పడం లేదు, పొరపాటున అక్కడికి కార్డు చెల్లింపు వస్తే కంపైలర్ పట్టుకోదు, ప్రోగ్రామ్ నడిచేటప్పుడే క్లాస్‌క్యాస్ట్ఎక్సెప్షన్ వస్తుంది. నన్ను నిజంగా కలవరపెడుతున్నది ఇదే.

ప్రాసెసర్‌కు జెనరిక్ టైప్ పారామీటరు (అది ఏ రకం చెల్లింపుతో పనిచేస్తుందో తెలిపేది) ఇచ్చి చూశాను. ఉపక్లాసుల్లో క్యాస్ట్ పోయింది కానీ, ప్రాసెసర్లన్నింటినీ ఒకే మ్యాప్‌లో (కీని బట్టి విలువను ఇచ్చే పట్టికలో) ఉంచి చెల్లింపు రకాన్ని బట్టి ఎంచుకునే చోట అది అన్‌చెక్డ్ క్యాస్ట్‌గా, అంటే సరైనదో కాదో కంపైలర్ నిర్ధారించలేని క్యాస్ట్‌గా తిరిగి వచ్చింది. విజిటర్ పద్ధతిలో (ఒక్కో రకానికి ఒక్కో మెథడ్ ఉండే వేరే క్లాసులో పనిని రాసే పద్ధతి) కొత్త రకం చేర్చిన ప్రతిసారీ విజిటర్లన్నింటినీ మార్చాలి, మాకు రకాలు తరచూ పెరుగుతాయి. జావా 17లోని సీల్డ్ క్లాసులు (ఉపక్లాసులేవో ముందే పరిమితం చేసేవి), 21లోని ప్యాటర్న్ స్విచ్ (రకాన్ని బట్టి దారి ఎంచుకునేది) గురించి తెలుసు గానీ, ఇప్పట్లో వెర్షన్ మార్చే వీలు లేదు.

చెల్లింపు క్లాసునూ దాని ప్రాసెసర్‌నూ ఒకే టైప్‌తో ముడిపెట్టి జతగా నమోదు చేసే మెథడ్ రాసి, మిగిలిన ఆ ఒక్క క్యాస్ట్‌ను మ్యాప్ వెనుకే ఉంచడం సరైనదేనా, లేక ఈ శ్రేణుల నిర్మాణాన్నే మార్చాలా? ఇలాంటి డిజైన్‌ను అమలు చేసినవారు దయచేసి వివరించగలరు.