పీఎస్ఏ పెరిగింది, బయాప్సీలో ఏమీ లేదు: ఇలా ఎవరికైనా జరిగిందా?

గాజువాక61: నాకు 61 సంవత్సరాలు. వార్షిక ఆరోగ్య పరీక్షలో పీఎస్ఏ (మగవారి ప్రోస్టేట్ గ్రంథి నుంచి రక్తంలోకి వచ్చే ప్రొటీన్) 6.8 వచ్చింది. రిపోర్టులో ఆ ఒక్క అంకెను ముద్దక్షరాలతో అచ్చువేశారు. ఇంట్లో ఎవరూ మిగిలిన అంకెల వైపు చూడనే లేదు. బయాప్సీలో ఆ గ్రంథి నుంచి సూదితో పన్నెండు చిన్న ముక్కలు తీశారు, దేనిలోనూ క్యాన్సర్ కనిపించలేదు. అయినా పీఎస్ఏ తగ్గకపోతే మళ్లీ బయాప్సీ చేయాలంటున్నారు. రెండోసారి చేయించుకున్నవారు ఉంటే దయచేసి చెప్పండి.

బీచ్‌రోడ్డు సైకిలు: నాకు 5.2 వచ్చింది. అంతకుముందు రోజే భీమిలి దాకా సైకిలు తొక్కి వచ్చాను. రెండు వారాలు సైకిలు ముట్టకుండా మళ్లీ రక్తం ఇస్తే 3.1కి దిగింది. బయాప్సీ సూది పొడిపించుకోకుండానే బయటపడ్డాను. కారణం సైకిలేనని ఘంటాపథంగా చెప్పగలను.

పాత ల్యాబు మనిషి: ముప్పై ఒక్క సంవత్సరాలు ల్యాబులో పనిచేసినవాణ్ని కనుక చెబుతున్నాను. సైకిలు విషయంలో అధ్యయనాలు ఒకే మాట చెప్పలేదు. కొన్నింటిలో పీఎస్ఏ కొద్దిగా పెరిగినట్టు తేలితే, మరికొన్నింటిలో ఏ తేడా కనబడలేదు. పరీక్షకు ముందు 48 గంటలు గట్టి వ్యాయామానికీ వీర్యస్ఖలనానికీ దూరంగా ఉండమనడం ముందుజాగ్రత్త మాత్రమే. పైగా మీ రెండు పరీక్షలూ ఒకే ల్యాబులో జరిగాయా? కిట్టు మారితే అంకె మారుతుంది.

బీచ్‌రోడ్డు సైకిలు: ఒకే ల్యాబు, ఒకే కుర్చీ. జరిగింది నా ఒంట్లో అయితే, తమరు అధ్యయనాలు వల్లిస్తున్నారు.

పాత ల్యాబు మనిషి: ఒక్క ఒంటిని చూసి ఊరందరికీ సూత్రం రాయడాన్నే నేను తప్పు పడుతున్నాను. ఏ మార్పూ చేయకపోయినా రెండోసారి మామూలుకు దిగేవారు చాలామంది ఉంటారు. మీరు ఆ రెండు వారాలూ సైకిలు తొక్కినా 3.1 వచ్చేదేమో!

ఎంవీపీ అమ్మాయి: సైకిలు గొడవ తరువాత తేల్చుకోండి. మా నాన్నగారికి 74 సంవత్సరాలు, ఏ బాధా లేదు. పీఎస్ఏ 7 దాటిందని మలద్వారం గుండా బయాప్సీ చేశారు. మూడో రాత్రి పళ్లు టకటకలాడేంత చలిజ్వరం వచ్చి, ఐదు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. క్యాన్సర్ లేదన్న కాగితాన్ని సెలైన్ ఎక్కుతుండగా చేతికిచ్చారు. 70 దాటినవారికి ఈ స్క్రీనింగు (ఏ బాధా లేకపోయినా ముందుగా చేసే పీఎస్ఏ పరీక్ష) వద్దని అమెరికా నిపుణుల బృందం 2018లోనే చెప్పిందట. ఆ మాట మాకు ముందే ఎవరైనా ఎందుకు చెప్పలేదు?

సీతమ్మధార శాస్త్రి: అందరూ ఎక్కువ రావడం గురించే రాస్తున్నారు. మా బావగారికి 3.6 వచ్చిందని ఇంటిల్లిపాదీ సంతోషించాము. ఆయన మూత్రం ధార సన్నబడిందని రెండేళ్లుగా ఫినాస్టరైడ్ వాడుతున్నారు. ఆ మాత్ర పీఎస్ఏను దాదాపు సగానికి దించుతుంది కనుక అసలు అంకెను ఏడు దగ్గర చూసుకోవాలట. క్యాన్సర్ బయటపడింది.

బీచ్‌రోడ్డు సైకిలు: నేనూ ప్రోస్టేట్‌కు టాంసులోసిన్ వాడుతున్నాను. నా 3.1 కూడా అబద్ధమేనా?

పాత ల్యాబు మనిషి: కాదు, అది పీఎస్ఏను దించదు. ఈ ఒక్క విషయంలో మీరు నిశ్చింతగా ఉండండి. అసలు చిక్కేమిటంటే, పీఎస్ఏ ప్రోస్టేట్ గ్రంథి గుర్తే తప్ప క్యాన్సర్ గుర్తు కాదు. గ్రంథి వయసుతో పెరిగినా, వాచినా అది రక్తంలోకి ఎక్కువగా వస్తుంది. 4 నుంచి 10 మధ్య వచ్చి బయాప్సీ చేయించుకున్నవారిలో సుమారు నలుగురికి ఒకరిలోనే క్యాన్సర్ కనిపిస్తుంది. 1970లో ప్రోస్టేట్ యాంటిజెన్‌ను గుర్తించిన రిచర్డ్ ఆబ్లిన్ స్వయంగా, ఈ స్క్రీనింగు ప్రజారోగ్య విపత్తుగా మారిందని 2010లో న్యూయార్క్ టైమ్స్‌లో రాశారు.

సీతమ్మధార శాస్త్రి: విపత్తు అని కొట్టిపారేస్తే మా బావగారి సంగతి ఏమిటి? ఆ పరీక్ష లేకపోతే మాకు తెలిసేదే కాదు.

గాజువాక61: నేను అడిగింది రెండో బయాప్సీ గురించి. సైకిలు మీద నాకు ఆసక్తి లేదు, తొక్కడమూ రాదు. అన్నట్టు, ఆ రక్తపరీక్షకు పది రోజుల ముందు మూత్రంలో మంట, జ్వరం వచ్చి యాంటీబయాటిక్ వాడాను. దానికేమైనా సంబంధం ఉంటుందా?

పాత ల్యాబు మనిషి: అయ్యా, ఆ ముక్క మొదటే రాయవలసింది! మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తే పీఎస్ఏ బాగా పెరుగుతుంది, దిగడానికి వారాలు పడుతుంది. అందుకే కనీసం ఆరు వారాలు ఆగి పరీక్ష చేయాలంటారు. బయాప్సీ తరువాత కూడా అంతే. ఆ గడువు పూర్తయ్యాక అదే ల్యాబులో పీఎస్ఏతో పాటు ఫ్రీ పీఎస్ఏ (రక్తంలో వేరే ప్రొటీన్లకు అంటుకోకుండా విడిగా ఉండే భాగం) కూడా చేయించండి. అప్పటికీ దిగకపోతే, రెండో బయాప్సీకి ముందు ఎంఆర్ఐ తీయవచ్చేమో మీ యూరాలజిస్టును అడగండి.

గాజువాక61: బయాప్సీ అయి నిన్నటికి నాలుగు వారాలు. సోమవారం రక్తం ఇవ్వవలసి ఉంది, వాయిదా వేయమని రేపు ఫోను చేస్తాను. ఆ జ్వరం సంగతి మా డాక్టరుగారికీ చెప్పలేదు.